రేణిగుంటలో గేటు వేస్తే మీనంబాకం మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో రెండో ఒమిక్రాన్ కేసును రాష్ట్ర వైద్యారోగ్య శాఖ 2021 డిసెంబరు 22న ప్రకటించింది. కెన్యా నుంచి వచ్చిన ఒక మహిళకు ఆ వేరియంట్ సోకింది. ఆమె విమానం దిగింది చెన్నైలో, మీనంబాకం విమానాశ్రయంలో. అక్కడి నుంచి కారులో తిరుపతి వచ్చారు. ఇక్కడ పరీక్ష చేస్తే పాజిటివ్ అని తేలింది. శాంపిల్‌ను జన్యు విశ్లేషణకు పంపి, అది ఒమిక్రానే అని నిర్ధారించుకునేసరికి దాదాపు పది రోజులు గడిచాయి. ఈ మొత్తం ప్రయాణంలో రేణిగుంట విమానాశ్రయం ప్రస్తావనే లేదు.

ఆ కేసులో చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. అప్పటికి కేంద్రం ‘ముప్పు ఉన్న దేశాలు’ అని ఒక జాబితా పెట్టుకుంది. డిసెంబరు 1 నుంచి ఆ దేశాల ప్రయాణికులందరికీ విమానాశ్రయంలోనే పరీక్ష చేసేవారు. ఫలితం వచ్చేదాకా బయటికి వదిలేవారు కాదు. నెగెటివ్ వచ్చినా ఏడు రోజులు హోం క్వారంటైన్, ఎనిమిదో రోజు మళ్లీ పరీక్ష. జాబితాలో లేని దేశాల నుంచి వచ్చినవాళ్లలో మాత్రం నూటికి ఇద్దరిని ఎంపిక చేసి పరీక్షించేవారు. అప్పటికి కెన్యా ఆ జాబితాలో లేదు. 2022 జనవరిలో చేర్చారు. జాబితాలో ఒక దేశం పేరు ఎక్కాలంటే ముందు అక్కడ వైరస్ ఉందని ఎవరో ఒకరు కనిపెట్టాలి. కనిపెట్టేలోపు ఆ దేశం నుంచి ఎన్ని విమానాలు ఎక్కడెక్కడ దిగాయో లెక్కపెట్టడం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు.

కరోనా రెండేళ్లూ తిరుపతిలో విమానాల గురించి జరిగిన చర్చ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎయిర్‌పోర్టు తెరవాలా, మూయాలా? తెరిస్తే కొండకు వచ్చే భక్తులతోపాటు రోగమూ వస్తుందని ఒక వర్గం. మూస్తే హోటళ్లు, ట్యాక్సీలు, పూలకొట్లు, గుండు గీసే చేతులు అన్నీ ఖాళీగా కూర్చోవాలని ఇంకో వర్గం. ఎవరి బాధ వారిది, రెండూ నిజమైన బాధలే. కానీ తిరుపతికి తలుపు రేణిగుంటలోనే ఉందని ఇద్దరూ ముందే ఒప్పేసుకున్నారు. అక్కడే లెక్క తప్పింది.

రేణిగుంటలో కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధాని ప్రారంభించారు. 2017లో అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. బోర్డు మారినంత తేలికగా విమానాలు రాలేదు. విదేశాల నుంచి రోజువారీ సర్వీసులు లేవు కాబట్టి లండన్ నుంచి వచ్చినా, కువైట్ నుంచి వచ్చినా, సింగపూర్ నుంచి వచ్చినా ప్రయాణికుడు ముందు చెన్నైలోనో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో దిగుతాడు. అక్కడి ఇమిగ్రేషన్, అక్కడి థర్మల్ గన్, అక్కడి ఫారాలు. అన్నీ దాటాక, ఎక్కువమంది రేణిగుంట విమానం కోసం ఎదురుచూడరు. ట్యాక్సీ ఎక్కి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా ఇంటికి వచ్చేస్తారు. చిత్తూరు, పలమనేరు వాళ్లకైతే బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి కోలారు, ముళబాగిలు మీదుగా దారి. వీధి తలుపుకు పెద్ద తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసి ఉంచినట్టు, జనం దృష్టంతా రేణిగుంట మీద, రాకపోకలన్నీ రోడ్డు మీద.

మొదటి కేసుల తీరు కూడా ఇదే. రాష్ట్రంలో మొదటి పాజిటివ్ 2020 మార్చి 12న నెల్లూరులో తేలింది. ఇటలీ నుంచి వచ్చిన యువకుడు. అప్పటి చిత్తూరు జిల్లాలో మొదటిది అదే నెలలో శ్రీకాళహస్తిలో, లండన్ నుంచి వచ్చిన యువకుడికి. ఇద్దరూ విదేశాల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ‘ఫారిన్ నుంచి వచ్చారు’ అన్న మాటకు ఆ రోజుల్లో ఒక రకమైన భయం అంటుకుంది. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి విదేశాల నుంచి ఎవరైనా వచ్చారా అని అడిగి రాసుకున్నారు. ఒక్కో వాలంటీర్‌కు సుమారు 50 ఇళ్లు. ఆ సర్వేను అప్పట్లో కొందరు వేధింపన్నారు, ఇంకొందరు ఎగతాళి చేశారు. నిజానికి ఆ సమయంలో ఈ జిల్లాలో జరిగిన అసలైన విమానాశ్రయ తనిఖీ అదే. మీనంబాకంలో తప్పిపోయిన మనిషి శ్రీకాళహస్తి వీధిలోనే దొరకాలి, ఇంకెక్కడా దొరకడు.

మరి విమానాశ్రయంలో తనిఖీలు ఎందుకు తప్పిపోతాయి? కరోనా మొదటి రకం సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున 5–6 రోజులు పట్టేది, ఒక్కోసారి 14 రోజుల వరకు. ఆ మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడు. జ్వరం ఉండదు, నుదుటికి ఎన్ని గన్‌లు గురిపెట్టినా పచ్చలైటే. లండన్‌లోని ఒక ప్రజారోగ్య విద్యాసంస్థ పరిశోధకులు 2020 ఫిబ్రవరిలోనే లెక్కకట్టి చూపించారు. బయల్దేరేచోటా, దిగేచోటా రెండుసార్లు థర్మల్ స్క్రీనింగ్ చేసినా వైరస్ సోకిన ప్రతి 100 మంది ప్రయాణికుల్లో 46 మంది దొరకరని. పారాసిటమాల్ వేసుకుని ఎక్కినవాళ్ల సంగతి సరేసరి.

ఆర్‌టీపీసీఆర్ వచ్చాక అది తిరుగులేని అస్త్రమని నమ్మారు. 2020 ఆగస్టు నుంచి, బయల్దేరడానికి ముందు 96 గంటల్లోపు చేయించుకున్న నెగెటివ్ రిపోర్టు ఉంటే ప్రభుత్వ క్వారంటైన్ నుంచి మినహాయింపు ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో అది 72 గంటలైంది. కానీ సోకిన మొదటి రోజుల్లో ఆ పరీక్ష కూడా పట్టుకోలేదు. 2020లో అమెరికా పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం సోకిన నాలుగో రోజున పరీక్ష చేస్తే నూటికి 67 మందికి తప్పుగా నెగెటివ్ వస్తుంది. లక్షణాలు మొదలైన రోజున 38 మందికి. సోకిన ఎనిమిదో రోజుకు గానీ అది 20కి దిగదు. అంటే చేతిలో నెగెటివ్ కాగితం ఉన్న మనిషికి వైరస్ లేదని కాదు, మూడు రోజుల కిందట ముక్కులో అది దొరకలేదని మాత్రమే. కాగితం చూపిస్తే పంపేయడం సిబ్బందికి తేలిక, ప్రయాణికుడికీ తేలిక. అందుకే ఆ పద్ధతి నిలిచింది. నచ్చినా నచ్చకపోయినా, మనిషిని కొన్నాళ్లు వేరుగా ఉంచి చూడటమే వీటన్నిటికంటే గట్టి ఉపాయం.

ఇంతకీ విమానాలు ఆపేస్తే ఉపయోగమే లేదా? ఉంది, కాస్త. చైనాలో వుహాన్‌ను మూసేసిన 2020 జనవరి చర్య వల్ల ఆ దేశంలోపల వ్యాప్తి మూడు నుంచి ఐదు రోజులు మాత్రమే ఆలస్యమైందనీ, బయటి దేశాలకు చేరిన కేసులు మాత్రం ఫిబ్రవరి మధ్య వరకు దాదాపు 80 శాతం తగ్గాయనీ ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది. ప్రయాణాలను 90 శాతం తగ్గించినా, ఊళ్లో వ్యాప్తిని సగానికి తగ్గించకపోతే ఫలితం నామమాత్రమేనని. మూసివేత అంటే కొంత సమయం కొనుక్కోవడమే. ఆ సమయంలో పడకలు, ఆక్సిజన్, పరీక్షలు, సిబ్బంది సిద్ధం చేసుకుంటే కొన్నది గిట్టుబాటవుతుంది. మన దేశంలో 2020 మార్చి చివర్లో అంతర్జాతీయ విమానాలు ఆగాయి, 25 నుంచి దేశీయ విమానాలూ ఆగాయి. తిరిగి మే 25న తెరిచారు, ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజు ఆలస్యంగా 26న. రెండు నెలల వ్యవధి దొరికింది.

ఆ రెండు నెలల్లో ఈ జిల్లాకు వైరస్ ఏ దారిన వచ్చిందో చూస్తే ఎయిర్‌పోర్టు చర్చ మరీ పలచబడిపోతుంది. 2020 మే మొదట్లో చెన్నై కోయంబేడు మార్కెట్ కరోనా కేంద్రంగా మారింది. అక్కడికి కూరగాయలు తీసుకెళ్లిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు, వ్యాపారులు తిరిగొచ్చాక చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో వరసగా కోయంబేడు లింకు కేసులు బయటపడ్డాయి. దేశంలో ప్రయాణికుల విమానాలు రెక్కలు ముడుచుకుని కూర్చున్న రోజులవి. కూరగాయల లారీని ఆపలేరు. ఆపితే చెన్నైలో కూర ఉండదు, ఇక్కడ రైతుకు డబ్బు ఉండదు. నిత్యావసరాలకు మినహాయింపు ఇవ్వడం సబబే. కానీ మినహాయింపు ఇచ్చినచోటే పరీక్ష పెట్టాలన్న ఆలోచన కేసులు వచ్చాకే వచ్చింది.

దానికి కొద్దిరోజుల ముందు జరిగిన గోడల వ్యవహారం ఇంకా విడ్డూరం. 2020 ఏప్రిల్ చివర్లో తమిళనాడులోని వేలూరు జిల్లా యంత్రాంగం రాత్రికి రాత్రి సరిహద్దు రోడ్లమీద అడ్డంగా గోడలు కట్టించింది. పలమనేరు నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో సైనగుంట దగ్గర ఒకటి, పొన్నై దగ్గర ఇంకొకటి. బారికేడ్లు కావు, చెక్‌పోస్టులు కావు, నడిరోడ్డు మీద గోడలు. చిత్తూరు జిల్లా పశ్చిమ మండలాల వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే గుర్తొచ్చే మొదటి పేరు వేలూరు సీఎంసీ. ఆ ఆసుపత్రికి వెళ్లే దారిలో గోడ లేచింది. చిత్తూరు వైపు నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్దిరోజులకే కూలగొట్టారు. ఆ రోడ్డు మీద గోడ ఉన్న రోజుల్లో కూడా చుట్టూ పొలాల గట్లమీద మనుషులు నడవగలరు, మోటార్‌సైకిళ్లు పోగలవు. గోడ అడ్డం పడింది అంబులెన్సుకే. ప్రయాణ ఆంక్షల చర్చలో ఎవరికైనా ఒక్క ఉదాహరణ చాలనుకుంటే ఇది చాలు.

విమానాలు మళ్లీ మొదలయ్యాక రాష్ట్రాలు తలా ఒక రూలు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్ ముందుగా స్పందన వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోమంది. కేసులు ఎక్కువున్న రాష్ట్రాల నుంచి వస్తే ప్రభుత్వ కేంద్రంలో ఏడు రోజులు, మిగతా చోట్ల నుంచి వస్తే ఇంట్లో 14 రోజులు. కర్ణాటక కూడా కొన్ని రాష్ట్రాల వాళ్లకు ఏడు రోజుల ప్రభుత్వ క్వారంటైన్ అంది. తెలంగాణ మాత్రం లక్షణాలు లేనివాళ్లకు అవసరం లేదని తేల్చింది. ముంబైలో ఉన్న తిరుపతివాసి ఏం ఆలోచిస్తాడో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. శంషాబాద్‌లో దిగి కారు మాట్లాడుకోవడమా, రేణిగుంటలో దిగి ఏడు రోజులు లోపలికి పోవడమా? కఠినంగా ఉన్న రూలు పక్క రూలుకన్నా బలహీనమైపోయేది ఇలాగే.

క్వారంటైన్ కేంద్రాల విషయంలో మాత్రం తిరుపతికి వేరే ఊళ్లకు లేని సౌకర్యం ఉంది. వేలమంది యాత్రికులకు గదులిచ్చే ఏర్పాట్లు ఇక్కడ ముందే ఉన్నాయి. తిరుచానూరు పద్మావతి నిలయం, తిరుపతిలోని విష్ణునివాసం వంటి టీటీడీ వసతి భవనాలు క్వారంటైన్, కోవిడ్ కేర్ కేంద్రాలయ్యాయి. విడివిడి గదులు, అటాచ్డ్ బాత్రూం, అన్నం వండిపెట్టే యంత్రాంగం. స్కూలు వరండాలో మంచాలు వరసగా వేసిన చోట్లతో పోలిస్తే ఇది చాలా మెరుగు. అయినా విదేశాల నుంచి వచ్చినవాళ్లలో తేడాలు స్పష్టంగానే కనిపించాయి. 2020 మే 24 నాటి కేంద్రం నిబంధన ప్రకారం ఏడు రోజులు సొంత ఖర్చుతో బయట, ఆ తర్వాత ఏడు రోజులు ఇంట్లో. అమెరికా నుంచి వచ్చిన ఇంజినీరు స్టార్ హోటల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకున్నాడు, జీతం ఆగలేదు. అదే ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటిస్తే అవుట్‌పాస్ (స్వదేశానికి తిరిగి వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద బయల్దేరిన ఇంటిపని మనిషికి ఏడు రోజుల గది అద్దె అంటే రాని జీతం మీద కొత్త అప్పు. రూలు ఇద్దరికీ ఒకటే.

ఈ అధికారమంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే 1897 నాటి అంటువ్యాధుల చట్టం నుంచి. బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లదొరలు రాసిన చిన్న చట్టం. ‘రైల్లోనో మరో విధంగానో’ ప్రయాణించేవాళ్లను తనిఖీ చేయడానికి, అనుమానం ఉన్నవాళ్లను ఆసుపత్రిలోనో తాత్కాలిక వసతిలోనో వేరుగా ఉంచడానికి అది వీలిచ్చింది. రైట్ సోదరులు గాల్లోకి లేచింది 1903లో, కాబట్టి విమానం పేరు అందులో ఉండే అవకాశం లేదు. వేరుగా ఉంచిన మనిషికి కూలి ఎవరివ్వాలి, ఎన్ని రోజుల తర్వాత వదిలేయాలి, అధికారి తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి కూడా లేవు. 2020 మార్చిలో రాష్ట్రం ఆ చట్టం కింద కోవిడ్ నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాత రూళ్లు మారినన్నిసార్లు వాటి వెనకున్న లెక్కలు జనానికి చెప్పలేదు. టెన్షన్‌లో సగం రోగం వల్ల, సగం రేపు ఏ రూలు వస్తుందో తెలియకపోవడం వల్ల.

తిరుపతిలో నిజంగా పనిచేసే గేటు ఒకటుంది. అది అలిపిరి. పైకి వెళ్లడానికి ఒక ఘాట్ రోడ్డు, రెండు నడకదారులు, టికెట్ల కోటా, తనిఖీ కేంద్రం అన్నీ రోగం రాకముందే ఉన్నాయి. 2020 మార్చి 20న దర్శనాలు ఆపారు, జూన్ 11న మళ్లీ సామాన్య భక్తులను అనుమతించారు, మొదట్లో రోజుకు 6,000 మంది చొప్పున. మామూలు రోజుల్లో అరవై డెబ్బై వేలు దాటే చోట అది పదో వంతు కూడా కాదు. 2021 సెప్టెంబరులో రెండు డోసుల సర్టిఫికెట్ లేదా 72 గంటల్లోపు నెగెటివ్ రిపోర్టు తప్పనిసరి అన్నారు. సంఖ్యను తగ్గించడం, దాన్ని గట్టిగా అమలు చేయడం రెండూ అక్కడ సాధ్యమయ్యాయి.

అయినా కొండమీద జాగ్రత్త కొండకింది ఊరిని కాపాడలేదు. 2020 జులై మధ్యకు 14 మంది అర్చకులతో సహా 140 మంది టీటీడీ సిబ్బందికి కరోనా సోకినట్టు అప్పటి బోర్డు చైర్మన్ వై.వి. సుబ్బారెడ్డి చెప్పారు. దర్శనాలు ఆపాలని ఆలయ గౌరవ ప్రధానార్చకుడు రమణ దీక్షితులు బహిరంగంగానే కోరారు. భక్తుల వల్ల వ్యాపించిందనడానికి ఆధారం లేదంటూ బోర్డు కొనసాగించింది. అదే నెల 21 నుంచి తిరుపతి నగరంలో లాక్‌డౌన్ పెట్టారు, ఆగస్టు 14 వరకు పొడిగించారు. అంటే బయట ఊరి నుంచి టికెట్ పట్టుకుని వచ్చినవాళ్లు కొండకు వెళ్లొచ్చు, గాంధీ రోడ్డులో కొట్టు ఉన్న మనిషి మధ్యాహ్నం షట్టర్ ఎత్తకూడదు. బోర్డు వాదనలో కొంత పస లేకపోలేదు, కొండమీద దూరం పాటించడం ఊళ్లోకన్నా తేలికే. కానీ యాత్రికుడు కొండమీదే పుట్టి కొండమీదే దిగిపోడు. బస్టాండు, రైల్వేస్టేషను, లాడ్జి, ఆటో, టిఫిన్ సెంటర్ దాటుకునే వస్తాడు. ఆ దారిలో పనిచేసేవాళ్లకు వారానికోసారి పరీక్షలు చేసి ఉంటే చర్చకు అంకెలైనా దొరికేవి.

2021 వేసవికి చర్చ పూర్తిగా తలకిందులైంది. డెల్టా రకం మన దేశంలోనే మొదట బయటపడింది. అప్పుడు లోకమంతా మనకు తలుపులు వేసింది. బ్రిటన్ ఏప్రిల్ 23 నుంచి మనల్ని రెడ్ లిస్టులో పెట్టింది. ఆస్ట్రేలియా మే మొదట్లో భారత్ నుంచి వచ్చే సొంత పౌరులకు కూడా జైలు హెచ్చరిక చేసింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది ప్రాణాలు పోయాయి. ట్యాంకర్ తమిళనాడు నుంచి రావడం ఆలస్యమైంది. ఏడాది ముందు విమానాలు ఆపి కొనుక్కున్న సమయాన్ని ఏం చేశారన్న ప్రశ్న ఆ రాత్రి వేయాల్సింది. ఎయిర్‌పోర్టు గురించి అంత గట్టిగా వాదించిన ఊళ్లో ఆక్సిజన్ ట్యాంకు గురించి ముందెప్పుడూ అంత వాదన జరగలేదు.

మనకు తలుపులు మూసుకున్న దేశాల్లో కువైట్ ఈ ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యం. పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్లకు అది అన్నం పెట్టే దేశం. 2020 ఆగస్టు నుంచి భారత్ నుంచి నేరుగా వెళ్లడానికి వీల్లేకపోయింది. మధ్యలో ఇంకో దేశంలో 14 రోజులు ఉండి వెళ్లాలి. చాలామంది దుబాయ్‌లో గదులు తీసుకుని రోజులు లెక్కపెట్టారు. ఆ గది అద్దె, రెండు టికెట్లు, రెండు పరీక్షలు, అన్నీ వెళ్లాక సంపాదించబోయే డబ్బు మీద అప్పే. టీకాలు వచ్చాక ఇంకో చిక్కు. కువైట్ గుర్తించిన టీకాల్లో కోవిషీల్డ్ ఉంది. కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న గానీ రాలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు ఏ సీసా తెరిచారన్నదాన్ని బట్టి ఒకరి ఉద్యోగం నిలిచింది, ఒకరిది ఊడింది. మన విమానాశ్రయంలో వాళ్లను ఆపాలా వద్దా అని ఇక్కడ గంటలకొద్దీ వాదించినవాళ్లు, వాళ్లను అక్కడ ఆపుతుంటే నోరు మెదపలేదు.

ఆంక్షల ఎత్తివేత కూడా పడుతూ లేస్తూ సాగింది. విదేశాల నుంచి వచ్చే అందరికీ ఏడు రోజుల హోం క్వారంటైన్ అని 2022 జనవరి 11న పెట్టారు, ఫిబ్రవరి 14న తీసేశారు. అప్పటికే ఒమిక్రాన్ ఊరూరా ఉంది, బయటి నుంచి వచ్చేవాళ్లకన్నా ఇంట్లోవాళ్ల నుంచే ఎక్కువగా సోకుతోంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారాన్ని నవంబరులో రద్దు చేశారు. చైనాలో కేసులు పెరిగేసరికి 2023 జనవరి 1 నుంచి ఆరు చోట్ల నుంచి వచ్చేవాళ్లకు మళ్లీ పెట్టి, ఫిబ్రవరిలో సడలించారు. ఏ అంకె దాటితే మొదలుపెడతారు, ఏ అంకెకు దిగితే ఆపుతారు అన్నది ముందే రాసి పెట్టుకున్న దాఖలాలు లేవు.

ఈలోగా పటమే మారిపోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. చెన్నై నుంచి వచ్చే ఒక దారి తడ దగ్గర తిరుపతి జిల్లాలోకి వస్తుంది. ఇంకో దారి నగరి దగ్గర చిత్తూరు జిల్లాలోకి వచ్చి పుత్తూరు దగ్గర తిరుపతి జిల్లాలో పడుతుంది. చెన్నైలో దిగిన మనిషి వివరాలు అదే రోజు ఏ కలెక్టరేట్‌కు రావాలి, అక్కడి నుంచి ఏ సచివాలయానికి పోవాలి అన్నది తేల్చుకోకుండా రేణిగుంటలో ఎన్ని కౌంటర్లు పెట్టినా ఫొటోలకు తప్ప పనికిరావు.

డబ్బు సంగతి మరీ తేలలేదు. 2020 ఏప్రిల్‌లో క్వారంటైన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2,000 రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ రోజుల్లో అది మంచి పనే, చాలా రాష్ట్రాలు ఆ మాత్రం కూడా ఆలోచించలేదు. 14 రోజులకు పంచితే రోజుకు సుమారు 143 రూపాయలు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 237 రూపాయలు.